ఇంట్లోనే పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తీసి ప్రింట్ చేసుకోవడం: అయ్యే పనేనా?

కృష్ణలంక_కుర్రాడు
అమ్మకీ నాన్నకీ అమెరికా విజిటర్ వీసాకి అప్లై చేస్తున్నా. ఫొటోలకని మా వీధి చివర స్టూడియోకి తీసుకెళ్లా. కవరు విప్పి చూస్తే అందులో ఉన్నది మా నాన్నేనా అని అనుమానం వచ్చింది. ఆయన చామనఛాయ మనిషి, వయసు 68. ఫొటోలో నలుగు పెట్టి కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా ఉన్నాడు. నుదుటి మీద ముడతలు లేవు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ లేదు, చెవుల అంచులు సగం కోసేశాడు. అమ్మ ముక్కుపుడక మెరుస్తోందని దాని మీద చర్మం రంగు పూసేశాడు. ఇదేంటి బాబూ అంటే "నీట్‌గా కొట్టిచ్చాను సార్, దానికి ఎక్స్‌ట్రా ఏం తీసుకోలేదు" అన్నాడు.

ఇంకో స్టూడియోకి వెళ్లి మళ్లీ ఇదే తంతు పడే ఓపిక లేదు. చేతిలో మంచి ఫోన్ ఉంది, అక్క కొనిపెట్టిన ఎప్సన్ ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంది. ఇంట్లోనే తీసి ప్రింట్ చేసుకుంటే చెల్లుతుందా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే గోడ, లైటు, పేపరు, సైజు అన్నీ కాస్త వివరంగా చెప్పండి.

తాపీ_మేస్త్రి
పుట్టుమచ్చ తీసేశాడా! టెన్త్ సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాల దగ్గర రాసేది దాన్నే కదా. ఇప్పుడు నాన్నగారిని నాన్నగారని ఎలా రుజువు చేస్తావు?

డల్లాస్_దొరబాబు
భేషుగ్గా చెల్లుతుంది. ఫొటో ఎవరు తీశారని అమెరికా వాళ్లు అడగరు. ఎలా ఉండాలన్నదే ముఖ్యం. ఆన్‌లైన్ వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160లో అప్‌లోడ్ చేసేది చదరంగా ఉండాలి. 600×600 పిక్సెల్స్‌కి తగ్గకూడదు, 1200×1200 దాటకూడదు. జేపీఈజీ ఫైలు, 240 కేబీ లోపు. నడినెత్తి నుంచి గడ్డం దాకా తల ఎత్తు మొత్తం ఫొటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి. ఆరు నెలల లోపు తీసిందై ఉండాలి. కళ్లజోడు వద్దు, 2016 నవంబర్ నుంచి ఆ రూల్ ఉంది. ప్రింటయితే 2 అంగుళాల చదరం, అంటే 51 మిల్లీమీటర్లు.

ఇంకో మాట. ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో మార్చకూడదని వాళ్లు స్పష్టంగా రాశారు. మీ స్టూడియో వాడు చేసిన మేకప్ అంతా ఆ లెక్కన పనికిరానిదే. క్రాప్ చేసుకోవడానికి స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లోనే ఉచితంగా ఒక టూల్ ఉంది.

నెట్‌సెంటర్_నాయుడు
స్టూడియో వాళ్లని ఆడిపోసుకునే ముందు మా బాధ కూడా వినండి. నాకు తణుకు దగ్గర నెట్ సెంటర్, జిరాక్స్, ఫొటోలు అన్నీ కలిపి ఒకటే షాపు. ఫొటో ఉన్నది ఉన్నట్టు ఇస్తే "ఇంత నల్లగా వచ్చిందేంటండీ" అని కస్టమరే వెనక్కి ఇచ్చేస్తాడు. మొటిమలు తీయి, మచ్చలు తీయి, జుట్టు నలుపు చెయ్యి అంటారు. కోటు వెయ్యి అంటారు. నా ఫొటోషాప్‌లో ఒకే ఒక్క నేవీ బ్లూ కోటు ఉంది. మా మండలంలో ఉద్యోగాలకి అప్లై చేసిన కుర్రాళ్లందరూ ఆ కోటులోనే ఉంటారు.

వీసాకని ముందే చెబితే ముట్టుకోకుండా ఇస్తాం. చెప్పరు.

వరంగల్_పోరడు
నాయుడన్నా, ఆ కోటు నా హాల్ టికెట్ మీద కూడా ఉంది. మీ మండలం కాదు, మాది హన్మకొండ. కోటు ఊర్లు తిరుగుతున్నట్టుంది 😂

పిక్సెల్_పంతులు
కుర్రాడూ, నేను ఇంట్లో అందరికీ నేనే తీస్తాను. పేపరు, ప్రింటరు తర్వాత చూద్దాం. తొంభై శాతం పని లైటు దగ్గరే అయిపోతుంది.

పొద్దున తొమ్మిది పది మధ్య, ఎండ నేరుగా లోపలికి పడని కిటికీ చూసుకో. మనిషి మొహం కిటికీ వైపు ఉండాలి. నువ్వు కిటికీకి వీపు పెట్టి, వెలుతురికి అడ్డం రాకుండా నిలబడు. గదిలో ట్యూబులైటు, బల్బు ఆపేయి. కిటికీ వెలుతురు ఒక రంగు, బల్బు ఇంకో రంగు. రెండూ కలిస్తే ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం వస్తాయి. అది సరిచేయబోతేనే మళ్లీ ఫొటోషాప్ అవసరం పడుతుంది.

మనిషికీ వెనక గోడకీ మధ్య కనీసం మూడడుగులు ఖాళీ ఉంచు. గోడకి ఆనించి నిలబెడితే చెవుల పక్కన నీడ పడుతుంది. ఇళ్లల్లో తీసినవి ఎక్కువగా ఆ నీడ వల్లే పనికిరాకుండా పోతాయి. గడ్డం కింద నల్లగా వస్తుంటే తెల్ల థర్మోకోల్ షీటు నడుము దగ్గర పళ్లెంలా పట్టుకోమను, వెలుతురు పైకి కొడుతుంది.

సెల్ఫీ కెమెరా అస్సలు వద్దు. వెనక కెమెరా, 2x జూమ్, ఐదారడుగుల దూరం. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఫోన్ మనిషి కళ్ల ఎత్తులో ఉండాలి. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు, అది చెవుల అంచులూ జుట్టూ మసక చేస్తుంది. బ్యూటీ ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో రెండుసార్లు చూసుకో. కొన్ని ఫోన్లలో అడగకుండానే ఆన్‌లో ఉంటుంది.

రాజమండ్రి_రాణి
పంతులుగారు చెప్పనిది ఒకటి. నాన్నగారికి తెల్ల చొక్కా వేయకండి. మన పెద్దవాళ్లకి బయటికంటే తెల్ల చొక్కానే. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా, పైన తెల్ల జుట్టు అయితే మొహం ఒక్కటే గాల్లో తేలుతుంది. మా మావయ్యగారికి ముదురు నీలం చొక్కా వేయించేసరికి ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. "ఇదేమన్నా కాలేజీనా" అని.

కృష్ణలంక_కుర్రాడు
రాణిగారూ, మా ఇంట్లో కూడా బీరువా నిండా తెల్ల చొక్కాలే. నాది ఒకటి మెరూన్ కలర్ది వేయిస్తా. జుట్టు సంగతేంటి? పూర్తిగా నెరిసిపోయింది. రంగు వేయమంటే వేయడు.

పిక్సెల్_పంతులు
రంగు అవసరం లేదు. గోడ నుంచి ఇంకో అడుగు ముందుకి జరుపు. గోడ మీద వెలుతురు కాస్త తగ్గి లేత బూడిద ఛాయలో వస్తుంది, జుట్టు విడిగా కనిపిస్తుంది. అమెరికా వాళ్లకి తెల్లగా గానీ, కొంచెం తెలుపు తగ్గి గానీ ఉంటే చాలు. పాలలా ఉండనక్కర్లేదు.

సీకాకుళం_సిన్నోడు
ఇంత హడావుడి ఎందుకు? ఏఐ యాప్‌లో సెల్ఫీ పడేస్తే తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కోటు, టై అన్నీ క్షణంలో వస్తున్నాయి.

డల్లాస్_దొరబాబు
సిన్నోడా, పైన రాసింది చదివావా? మార్చొద్దన్నదే వాళ్ల రూల్. యాప్‌లు, ఫిల్టర్లు, ఏఐ ఏదీ వాడొద్దని పేరు పెట్టి మరీ రాశారు.

సీకాకుళం_సిన్నోడు
మార్చినట్టు వాళ్లకెలా తెలుస్తాదండీ?

రాజమండ్రి_రాణి
ఇంటర్వ్యూకి వెళ్లేది మనిషే కదా బాబూ. ఫొటోలో ఉన్నవాడు వేరే, కౌంటర్ ముందు నిలబడ్డవాడు వేరే అయితే తెలియదా?

గుంటూరు_ఘాటు
అసలు ఇండియన్ పాస్‌పోర్ట్‌కి ఫొటోలే అడగట్లేదు కదా. సేవా కేంద్రంలో వాళ్లే తీస్తారు. పోస్టాఫీసు సేవా కేంద్రాల్లో కూడా అంతే. ఈ టాపిక్ పేరు చూసి ఎవరైనా పొరపాటున కట్టలు కట్టలు ప్రింట్ తీసుకెళతారేమో. నాలుగేళ్ల లోపు పిల్లలకి మాత్రం తీసుకెళ్లాలి. 3.5×4.5 సెంటీమీటర్లు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్.

తాపీ_మేస్త్రి
వాళ్లు తీసే ఫొటో కంటే స్టూడియో పెళ్లికొడుకే నయం. పదేళ్లు ప్రతి ఎయిర్‌పోర్టులో ఆ మొహం చూపించుకోవాలి.

చిట్టితల్లి_అమ్మ
ఘాటుగారు పిల్లల మాట ఎత్తారు కాబట్టి నా అనుభవం. మేం న్యూజెర్సీలో ఉంటాం. పాపకి నెలన్నర ఉన్నప్పుడు అమెరికా పాస్‌పోర్ట్‌కి ఫొటో కావాల్సి వచ్చింది. షాపుకి తీసుకెళ్తే అక్కడ స్టూలు మీద కూర్చోబెట్టమన్నారు. మెడ నిలబడని పిల్లని స్టూలు మీద ఎలా కూర్చోబెడతాం? వెనక్కి వచ్చేశాం.

ఇంట్లో మంచం మీద తెల్ల దుప్పటి ఇస్త్రీ చేసి పరిచి, పాపని వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీశాను. మంచాన్ని కిటికీ పక్కకి జరిపాం. నేను మంచం పక్కన స్టూలెక్కి, నా నీడ పాప మీద పడకుండా వంగి తీశాను. మా ఆయన పని కెమెరా పైన గిలక్కాయ ఊపడం. గిలక్కాయ పక్కన ఊపితే చూపు పక్కకి పోతుంది, సరిగ్గా లెన్స్ మీద ఊపాలి. పాలు తాగి, త్రేనుపు అయ్యాక ఒక పది నిమిషాలు మంచి టైము దొరుకుతుంది. నోట్లో పాసిఫయర్ ఉండకూడదు, మన చెయ్యి కనిపించకూడదు. మరీ పసిపిల్లలకి కళ్లు పూర్తిగా తెరవకపోయినా ఒప్పుకుంటారు.

ముడతల దుప్పటి మాత్రం వద్దు. మడత గీతలు ఫొటోలో బాగా కనిపిస్తాయి.

కొత్తగా_చేరాను
అక్కా, పాపకి దిష్టిచుక్క పెట్టారా ఫొటోలో?

చిట్టితల్లి_అమ్మ
మా అత్తగారు వీడియో కాల్‌లో ఉండి మరీ పెట్టించారు. అరికాలికి పెట్టాం 😄

లీడ్స్_లక్ష్మి
ఏ దేశానికి అనేది ముందు చూసుకోండి, అందరూ అమెరికా కొలతలే పట్టుకుంటున్నారు. యూకే పాస్‌పోర్ట్‌కి 35×45 మిల్లీమీటర్లు, తల 29 నుంచి 34 మిల్లీమీటర్లు, వెనక లేత బూడిద గానీ క్రీమ్ గానీ. ఆన్‌లైన్లో అయితే ఇంట్లో ఫోన్‌తో తీసింది హాయిగా పెట్టొచ్చు, కనీసం 600 వెడల్పు, 750 ఎత్తు పిక్సెల్స్ ఉంటే చాలు. మా బాబుది హాల్లో క్రీమ్ గోడ ముందు తీసి అప్‌లోడ్ చేశా, అడ్డు చెప్పలేదు. షెంగెన్ (యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే) వీసాకి కూడా 35×45నే కానీ మొహం ఇంకాస్త పెద్దగా, 70 నుంచి 80 శాతం ఉండాలి. ఒకే ఫొటోని అన్నిటికీ వాడదామనుకుంటే కుదరదు.

బెర్లిన్_బావ
మా దగ్గర ఈ ముచ్చటే లేదు. జర్మనీలో 2025 మే నుంచి అక్కడి పాస్‌పోర్ట్, ఐడీ కార్డులకి ఇంట్లో ప్రింట్ చేసిన ఫొటో తీసుకోవడం ఆపేశారు. గుర్తింపు ఉన్న ఫొటోగ్రాఫర్ తీసి డిజిటల్‌గా నేరుగా ఆఫీసుకి పంపాలి, లేదా ఆఫీసులో ఉన్న మెషీన్‌లో తీయించుకోవాలి. ఇద్దరి మొహాలు కలిపి ఒక ఫొటో తయారుచేసే మోసం ఒకటి ఉంది, దాన్ని ఆపడానికట.

టొరంటో_తాతయ్య
కెనడా పాస్‌పోర్ట్‌కి కూడా ఇంటి ఫొటో కుదరదు నాయనా. 50×70 మిల్లీమీటర్లు, ఫొటో వెనక స్టూడియో పేరు, అడ్రసు, తీసిన తేదీ ఉండాలి. మా మనవడు ఇంట్లో ప్రింటర్ ఉంది కదా అని బయల్దేరాడు. వెనకాల స్టాంపు ఎవరు వేస్తార్రా అని అడిగితే ఆగాడు.

కృష్ణలంక_కుర్రాడు
ఫొటో తీయడం అయింది. పంతులుగారు చెప్పినట్టు కిటికీ వైపు కూర్చోబెట్టి తీశా. చాలా బాగా వచ్చింది, పుట్టుమచ్చ సహా. నాన్న ఫొటో చూసి "స్టూడియోదే బాగుంది" అన్నాడు, అది వేరే కథ. డీఎస్-160 ఫొటో తీసుకుంది. ఇప్పుడు ప్రింట్ సంగతి చెప్పండి. అసలు అప్‌లోడ్ అయ్యాక ప్రింట్ అవసరమా?

డల్లాస్_దొరబాబు
కన్ఫర్మేషన్ పేజీలో ఫొటో కనిపిస్తుంటే సరే. ఫొటో ఉండాల్సిన చోట గడిలో X గుర్తు ఉంటే మాత్రం ప్రింట్ తీసుకెళ్లాలి. ఇండియాలో అయితే ఇంటర్వ్యూ కన్నా ముందు వేలిముద్రలకి వెళ్లినప్పుడు వాళ్లూ ఫొటో తీస్తారు. అయినా పెద్దవాళ్లు కదా, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉన్న అమెరికా కాన్సులేట్ దాకా వెళ్లి టెన్షన్ పడే కంటే ఫైల్లో రెండు కాపీలు పడేయండి.

పిక్సెల్_పంతులు
ప్రింట్ అంటే మూడు చోట్ల జాగ్రత్త.

మొదట లెక్క. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 4×6 అంగుళాల షీటు అంటే 1200×1800 పిక్సెల్స్. 2×2 ఫొటో 600×600. షీటుకి సరిగ్గా ఆరు పడతాయి కానీ మధ్యలో కత్తిరించడానికి సందు ఉండదు, అందుకే నాలుగే పెట్టుకో. 35×45 అయితే 413×531 పిక్సెల్స్, షీటుకి ఎనిమిది పడతాయి, సందు కూడా మిగులుతుంది. ఫొటోషాప్ లేకపోయినా పర్లేదు. వర్డ్‌లో పేజీ సైజు 10.2×15.2 సెంటీమీటర్లు పెట్టి, ఫొటో ఇన్సర్ట్ చేసి, కొలత 5.1×5.1 అని టైప్ చేసినా అయిపోతుంది. అంచున పట్టుకుని మౌస్‌తో లాగకు, మొహం సాగుతుంది.

రెండోది ప్రింటర్ సెట్టింగ్. అందరూ ఇక్కడే దెబ్బతింటారు. "ఫిట్ టు పేజ్" తీసేయి, 100 శాతం లేదా యాక్చువల్ సైజ్ పెట్టు. బార్డర్‌లెస్ పెడితే కాగితం అంచులు నిండడానికి ప్రింటర్ తనంతట తనే బొమ్మని కొంచెం పెంచుతుంది. 51 మిల్లీమీటర్లు కాస్తా 52, 53 అవుతాయి. కంటికి తెలియదు, స్కేలు పెడితే తెలుస్తుంది. కాబట్టి తెల్ల అంచు వదిలి ప్రింట్ చెయ్యి. మామూలు కాగితం మీద ఒకటి తీసి కొలిచి, సరిపోయాక ఫొటో పేపరు పెట్టు.

మూడోది పేపర్ టైప్. కంప్యూటర్లో ప్రింటర్ సెట్టింగ్స్‌లో "ప్లెయిన్" అని ఉంటే "గ్లాసీ ఫొటో" అని మార్చు. చాలా ఇంక్ ట్యాంకుల్లో నల్ల ఇంకు వేరే రకం, అది గ్లాసీ పేపరులోకి ఇంకదు. ప్లెయిన్‌లో కొడితే మొహం బాగానే ఉంటుంది కానీ జుట్టు మీద వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. గ్లాసీ పెడితే ప్రింటర్ మూడు రంగులూ కలిపి నలుపు చేస్తుంది.

వరంగల్_పోరడు
పంతులు సార్, మా ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉంది. కలర్దే. గ్లాసీ పేపర్ పెట్టొచ్చా?

నెట్‌సెంటర్_నాయుడు
వద్దు తమ్ముడూ! ఇంక్‌జెట్ గ్లాసీ పేపరు లేజర్లో పెడితే లోపల వేడికి ఆ పూత కరిగి రోలర్‌కి అంటుకుంటుంది. మా పక్క షాపాయన ప్రింటర్ అలాగే పోయింది. రిపేరు ఖర్చుతో వంద మందికి ఫొటోలు కొట్టించొచ్చు.

కొత్తగా_చేరాను
ఫొటో పేపరులో ఏ వైపు ప్రింట్ అవుతుందో ఎలా తెలుస్తుంది? నా దగ్గరున్నది మ్యాట్, రెండు వైపులా ఒకేలా ఉంది.

పిక్సెల్_పంతులు
వేలు కొంచెం తడి చేసి ఒక మూల ముట్టుకో. పూత ఉన్న వైపు జిగటగా అంటుకుంటుంది. అదే ప్రింట్ వైపు.

గుంటూరు_ఘాటు
లెక్కలు చూద్దాం. మా ఊళ్లో స్టూడియోలో ఎనిమిది కాపీలు 60 రూపాయలు. ఇంట్లో చేయాలంటే పేపరు ప్యాకెట్, ఇంకు, కట్టర్, సగం ఆదివారం. ప్రింటర్ ఖరీదు అసలు కలపలేదు. ఎందుకండీ ఈ గొడవ? ఫొటో ఇంట్లో తీసుకోండి, ఒప్పుకుంటా. పుట్టుమచ్చలు మిగులుతాయి. ప్రింట్ మాత్రం 4×6 ఫైలు తయారుచేసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసి ల్యాబ్‌కి పట్టుకెళ్లండి. పదో పదిహేనో తీసుకుంటాడు. ల్యాబ్ ప్రింట్ తడిసినా చెక్కుచెదరదు.

నెట్‌సెంటర్_నాయుడు
ఘాటుగారూ మీ నోట్లో పంచదార పొయ్య. కాకపోతే ల్యాబ్ వాడికి "సైజు మార్చకు, కలర్ కరెక్షన్ వద్దు" అని రెండు మాటలూ చెప్పండి. చెప్పకపోతే ఆటోలో పెట్టేస్తాడు, మళ్లీ తెల్లబడతారు.

చిట్టితల్లి_అమ్మ
అమెరికాలో ఆ లెక్క తిరగబడుతుంది ఘాటుగారూ. ఇక్కడ మందుల షాపులో రెండంటే రెండు పాస్‌పోర్ట్ ఫొటోలకి పదిహేను డాలర్లకి పైనే. అదే షాపులో 4×6 ప్రింట్ ఒక డాలర్ లోపే. మన ఫైల్లో మొహాలు అమర్చి మామూలు 4×6 అని ఆర్డర్ ఇస్తే చాలు. ఇంట్లో నలుగురుంటే తేడా మీరే వేసుకోండి.

లీడ్స్_లక్ష్మి
మా ఇంట్లో కానన్ సెల్ఫీ (SELPHY) అనే చిన్న ఫొటో ప్రింటర్ ఉంది, సీపీ 1500. 4×6 సైజు దాకానే వస్తుంది కానీ ఐడీ ఫొటో ఆప్షన్ అందులోనే ఉంది, కొలత ఎంచుకుంటే తనే అమరుస్తుంది. ప్రింట్ అవుతుంటే చూడాలి, కాగితం నాలుగు సార్లు బయటికి వచ్చి లోపలికి వెళుతుంది. మొదటిసారి మొహం అంతా పసుపు. తర్వాత గులాబీ కలిసి ఎర్రబడుతుంది. మూడోసారి నీలం పడగానే అసలు రంగు వస్తుంది. ఆఖరిసారి ఏమీ మారదు, పైన పారదర్శకమైన పూత వేస్తుందంతే. ఆ పూత వల్లే నీళ్లు పడ్డా ఏమీ కాదు. మా పిల్లలకి అది చూడటం టీవీ కన్నా ఇష్టం. పేపరూ రిబ్బనూ కలిపి అమ్ముతారు, షీటు ఖర్చు మాత్రం ఇంక్ ట్యాంక్ కన్నా ఎక్కువే.

వరంగల్_పోరడు
నేను వీసాల మనిషిని కాను, గ్రూప్స్ ప్రిపేరయ్యేటోణ్ని. మాకు ప్రింట్ కంటే కేబీల గోస ఎక్కువ. ఒకడు 20 నుంచి 50 కేబీ అంటాడు, సంతకం 10 నుంచి 20 అంటాడు. నెట్‌లో "ఫొటో రీసైజ్ 50 కేబీ" అని కొడితే వచ్చే సైట్లలో పడేస్తే మొహం గళ్లు గళ్లుగా అవుతుంది. లాస్ట్ డేట్ రాత్రి పదకొండు గంటలకి సర్వర్ డౌన్, ఫొటో రిజెక్ట్.

పిక్సెల్_పంతులు
ముందు పిక్సెల్స్ తగ్గించు, తర్వాతే క్వాలిటీ. నాలుగువేల పిక్సెల్స్ ఫొటోని అలాగే ఉంచి 50 కేబీకి నొక్కితే గళ్లు రాక ఏమవుతుంది? బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్లు 200×230 పిక్సెల్స్ అని ఇస్తారు. ఆ సైజుకి తగ్గిస్తే క్వాలిటీ బాగా ఉంచినా 50 కేబీ లోపే వస్తుంది. ఇర్ఫాన్‌వ్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మన కంప్యూటర్లోనే పని చేస్తుంది. ఊరూ పేరూ తెలియని సైట్లలో ఫొటో, సంతకం రెండూ అప్‌లోడ్ చేయడం ఎందుకు?

తాపీ_మేస్త్రి
ఫొటో, సంతకం, ఆధార్ మూడూ ఒకే సైట్‌లో పడేసే మహానుభావులు కూడా ఉన్నారు. బ్యాంకు వాళ్ల కన్నా ఆ సైట్ వాడికే మన గురించి ఎక్కువ తెలుసు.

వరంగల్_పోరడు
ఇప్పుడు ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) వాళ్లు ఫొటో అప్‌లోడే తీసేశారు సార్, అప్లై చేసేటప్పుడు కెమెరాలో లైవ్‌గా తీస్తున్నారు. నాయుడన్న కోటు పని అక్కడ నడవదు.

నెట్‌సెంటర్_నాయుడు
అందుకే షాపులో నిజం కోటు ఒకటి వేలాడదీశాను. సైజు 42. సన్నోళ్లకి వెనక క్లిప్పులు పెడతాను.

కృష్ణలంక_కుర్రాడు
ప్రింట్ తీశాను. మొదట మామూలు కాగితం మీద కొలిస్తే 51 సరిగ్గా వచ్చింది. గ్లాసీ మీద కూడా బాగానే ఉంది, కొంచెం ఎర్రగా ఉందేమో అనిపిస్తోంది. ఫోన్ స్క్రీన్ మీద అలా లేదు. కత్తిరించడం ఎలా? కత్తెరతో ఒకటి ట్రై చేస్తే అంచు వంకర పోయింది.

పిక్సెల్_పంతులు
ఫోన్ స్క్రీన్‌తో పోల్చకు, అది రంగులు ఎక్కువ చేసి చూపిస్తుంది. ప్రింట్‌ని పగటి వెలుతురులో మనిషి పక్కన పెట్టి చూడు. ఒక పూట ఆరనిచ్చాక మళ్లీ చూడు, తడి మీద ఉన్న రంగు ఆరాక కాస్త మారుతుంది.

కత్తెర వద్దు. స్టీల్ స్కేలు, పేపర్ కట్టర్ బ్లేడు. కింద పాత క్యాలెండర్ అట్ట. ప్లాస్టిక్ స్కేలు అయితే బ్లేడు దాన్ని కూడా కోసేస్తుంది. ఒకే దెబ్బకి తెగాలని నొక్కకు, తేలిగ్గా రెండు మూడు సార్లు లాగు. వేలి గోరు స్కేలు అంచు దాటి బయటికి రాకుండా చూసుకో.

రాజమండ్రి_రాణి
ముఖ్యమైనది. ఇంక్ ట్యాంక్ ప్రింట్‌ని బంకతో అంటించకండి. ఆ తడి ఫొటో అంచుల్లోకి దిగితే రంగు ఊరి మొహం చుట్టూ మరక కడుతుంది. గ్లూ స్టిక్ వాడండి. గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్‌కి ఫొటో మీద సంతకం పెట్టించాలంటే గ్లాసీ కన్నా మ్యాట్ నయం. గ్లాసీ మీద జెల్ పెన్ను పెడితే సంతకం సబ్బు మీద రాసినట్టే, చెయ్యి తగిలిందంటే సార్ సంతకం చెంప మీదికి వస్తుంది. మళ్లీ ఆయన చుట్టూ తిరగాలి.

సీకాకుళం_సిన్నోడు
బొట్టు సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మగారికి పెద్ద కుంకుమ బొట్టు ఉంటే తీయించాలా?

డల్లాస్_దొరబాబు
తీయక్కర్లేదు. మా అమ్మది రూపాయి బిళ్లంత బొట్టు, ఆ ఫొటోతోనే వీసా వచ్చింది. మొహం మీద కళ్లు, కనుబొమలు, గడ్డం అన్నీ కనిపించాలి, అంతే. ముక్కుపుడక కూడా మెరుపు కళ్లకి అడ్డం రాకపోతే ఉంచుకోవచ్చు.

కొత్తగా_చేరాను
ఆఖరి ప్రశ్న. మా ఇంక్ ట్యాంక్ రెండు నెలలుగా వాడలేదు. ఇవాళ ఫొటో కొడితే మొహం మీద అడ్డంగా సన్న గీతలు. ప్రింటర్ పోయినట్టేనా?

పిక్సెల్_పంతులు
పోలేదు. ఇంకు ఎండి నాజిల్ (ఇంకు బయటికొచ్చే సన్న రంధ్రం) మూసుకుంది. ముందు నాజిల్ చెక్ ప్రింట్ తీసి ఏ రంగులో గీతలు తెగుతున్నాయో చూడు. తర్వాత హెడ్ క్లీనింగ్ ఒకసారి, మళ్లీ నాజిల్ చెక్. వరసగా క్లీనింగ్ కొడుతూ పోతే ఇంకంతా వేస్ట్ ప్యాడ్‌లోకి పోతుంది. రెండు సార్లకి రాకపోతే రాత్రంతా వదిలేసి పొద్దున్నే మళ్లీ చూడు. వచ్చాక వారానికి ఒక కలర్ పేజీ అయినా తీస్తూ ఉండు.

కొత్తగా_చేరాను
రెండో క్లీనింగ్‌కి పసుపు వచ్చేసింది. నీలం ఇంకా రెండు చోట్ల తెగుతోంది. రేపు పొద్దున చూసి చెబుతా.